పేరు పెట్టకపోయినా పుట్టుక రాయించండి



ఈరోజు ఒక్క విషయమే మాట్లాడుకుందాం. ఇంట్లో బిడ్డ పుట్టింది, పేరు ఇంకా అనుకోలేదు. మరి బర్త్ సర్టిఫికెట్ ఎట్లా?

చాలామంది “పేరు పెట్టినంక రాయిద్దాం తియ్” అంటారు. చిక్కు అక్కడే వస్తది. మన వర్ని దిక్కు చాలా ఇండ్లల్ల 21వ రోజు తొట్టెల వేసి పేరు పెడతారు. క్యాంపుల్లో ఉండేవాళ్లు బారసాల అంటారు. మేనత్త రావాలని కొందరు, పంతులు అక్షరం చెప్పాలని కొందరు ఆగుతారు. ఆగండి, తప్పు లేదు. కానీ పుట్టుక రాయించడానికి చట్టం ఇచ్చిన గడువు కూడా 21 రోజులే. తొట్టెల నాడు ఇంటినిండా చుట్టాలుంటే ఆఫీసుకు పోయేదెవరు?

అందుకే పేరు వేరు, పుట్టుక నమోదు వేరు అని గుర్తు పెట్టుకోండి. 1969 జనన మరణాల నమోదు చట్టం 14వ సెక్షన్ ప్రకారం పేరు లేకుండానే పుట్టుక నమోదు చేయించవచ్చు. పేరు గడి ఖాళీగా ఉంటుంది, అంతే. నమోదైన తేదీ నుంచి 12 నెలల లోపు పేరు చెబితే రుసుము లేకుండా రాస్తారు. ఆ తర్వాత కూడా 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుము కట్టి రాయించుకోవచ్చు.

అదే పుట్టుకే నమోదు కాకపోతే? 21 రోజులు దాటి 30 రోజుల లోపైతే ఆలస్య రుసుముతో పోతుంది. 30 రోజులు దాటితే పై అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. పని చిన్నదే, తిరుగుడు పెద్దది.

ఎక్కడ రాయించాలి? బిడ్డ పుట్టిన చోటనే. ఇల్లు వర్నిలో ఉన్నా, కాన్పు బాన్సువాడలో అయితే అక్కడి మున్సిపాలిటీలో నమోదవుతుంది. తొలి కాన్పుకు పుట్టింటికి పోతే ఆ ఊరి లెక్కలోనే రాస్తారు. దవాఖానలో పుడితే సమాచారం పంపాల్సింది దవాఖాన వాళ్లే. అయినా డిశ్చార్జి రోజు “ఫారం పంపినారా?” అని అడగండి. తల్లి పేరు, తండ్రి పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా, పుట్టిన తేదీ సరిగ్గా ఉందా చూసుకోండి. ఇంట్లో పుడితే ఇంటివాళ్లే పంచాయతీ కార్యదర్శికి చెప్పాలి.

ఇంకో జాగ్రత్త. గడువు ఉన్నది కదా అని తొందరపడి చిన్ని, బన్నీ, పండు అని ముద్దుపేరు రాయించకండి. రిజిస్టర్‌లో ఒకసారి ఎక్కిన పేరును మనసు మారిందని మార్చడం కష్టం. దిద్దుబాటు అనేది పొరపాటు పడినప్పుడు, దానికి రుజువు చూపించినప్పుడు చేసేది. తోచని పేరు రాయించేకన్నా గడి ఖాళీగా ఉంచడమే మేలు. ఇంట్లో అందరూ ఒక మాట అనుకున్నాక, ఇంటిపేరుతో సహా అక్షరాలు కాగితం మీద రాసుకొని పోండి. నమోదైన ఆఫీసులో తల్లిగానీ తండ్రిగానీ చెబితే చాలు. మీసేవలో కూడా అడగండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, చట్ట సవరణ 2023 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ రోజు నుంచి పుట్టినవాళ్లకు బడిలో చేర్చడానికి, ఓటరు జాబితాకు, డ్రైవింగ్ లైసెన్సుకు, పెళ్లి రిజిస్ట్రేషన్‌కు, సర్కారు కొలువుకు పుట్టిన తేదీ, పుట్టిన చోటు రుజువు ఈ సర్టిఫికెట్టే. నమోదు చేయించినవారికి మొదటి సర్టిఫికెట్ ఉచితంగా ఇవ్వాలి, అదీ 7 రోజుల లోపు.

మీ వాడకట్టులో ఈ నెల బిడ్డ పుట్టిన ఇల్లు ఉంటే ఒక్క మాట అడగండి: “పుట్టుక రాయించినారా?” లేదంటే ఈ పీడీఎఫ్ వాళ్ల ఫోనుకు పంపండి. తొట్టెల తర్వాత చేసుకోవచ్చు, ముందు బిడ్డను రిజిస్టర్‌లోకి ఎక్కించండి.