భాండారంలో చెత్త తొలగింపు

పూర్వం మన ఇళ్ళలో అటక ఉండేది. పనికిరాదనుకొన్న వస్తువును వెంటనే వీధిలో పారవేయక కొన్నాళ్ళు అటకపై ఉంచేవారు. అది ఎవరికీ అక్కరలేదని తేలిన పిమ్మటనే వదలించుకొనేవారు. కంప్యూటరు ప్రోగ్రాములలోని మార్పులన్నిటినీ భద్రపరచే గిట్ అనే సాధనం కూడా ఈ మర్యాదనే పాటిస్తున్నది. లైనక్స్ కెర్నెల్ పనికొరకు 2005లో లీనస్ టోర్వాల్డ్స్ దీనిని నిర్మించినాడు.

గిట్ భాండారంలో ప్రతి ఫైలు యొక్క ప్రతి రూపమూ మొదట ఒక విడి ఆబ్జెక్టుగా చేరుతుంది. ఇవి సుమారు 6,700 దాటినప్పుడు ‘గిట్ జీసీ’ అనే శుభ్రకార్యం తనంతట తానే ఆరంభమై, వాటిని ప్యాకులనే మూటలుగా కట్టుతుంది. ఏ శాఖకూ చెందక అనాథలైన వాటిని రెండు వారాలు ఉంచి, తరువాత తొలగిస్తుంది.

ఇంత ఏర్పాటున్నా డిస్కు నిండిపోవడం కద్దు. అందుకు కారణాలు ముఖ్యంగా మూడు. మొదటిది, పెద్ద వీడియో వంటి ఫైలును నేడు తొలగించినా అది పాత చరిత్రలో నిలిచియే ఉంటుంది. చరిత్రను తిరిగి వ్రాస్తే తప్ప ఆ బరువు తగ్గదు. తిరిగి వ్రాసినా, రెఫ్‌లాగ్ అనే దినచర్య దానిని పట్టుకొని ఉండవచ్చును. ఆ దినచర్యకు సాధారణపు గడువు 90 దినాలు. శాఖలనుండి తెగిపోయిన వాటికి 30 దినాలు.

రెండవది, వెనుకటి శుభ్రకార్యం విఫలమైనప్పుడు ఆ సంగతి ‘జీసీ లాగ్’ ఫైలులో నమోదవుతుంది. అది ఉన్నంతవరకు, ఒక దినంపాటు, స్వయంచాలక శుభ్రకార్యం మరల సాగదు. ఆ ఫైలును చదవకుండా చెరిపివేసేవారు రోగం విడిచి జ్వరాన్ని మాత్రమే దించినవారు.

మూడవది మరింత విచిత్రం. క్రొత్త మూట పూర్తిగా కట్టినదాకా పాత మూటను గిట్ విడువదు. కనుక శుభ్రం చేయుటకే కొంత ఖాళీ కావలెను. నడుమ ఖాళీ చాలకపోతే, సగం కట్టిన తాత్కాలికపు మూట అక్కడనే మిగిలి, చెత్తపై చెత్త అవుతుంది. ‘కౌంట్ ఆబ్జెక్ట్స్’ అనే ఆజ్ఞ ఆ లెక్కను చూపుతుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవలె. నేను పనిచేసినచోట ఒక మిత్రుడు మూడు దినాలు శ్రమించి పంపిన మార్పులను, మరొకరు పొరపాటున బలవంతపు పుష్‌తో తుడిచిపెట్టినారు. అది ఎరుగని నేను, ఖాళీ కొరకు రెండు వారాల గడువును రద్దుచేసి వెంటనే తొలగించుమని ఆజ్ఞ ఇచ్చినాను. కేంద్ర భాండారాలలో సాధారణంగా రెఫ్‌లాగ్ ఉండదు. ఆ గడువే వాటికి రక్ష. మిత్రుని యంత్రం అంతకు ముందురోజే చెడిపోయి ఉన్నది. ఆయన మరల మూడు దినాలు కూర్చుండి వ్రాసుకొన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు.

అందుచేత, ముందు భాండారపు డైరెక్టరీని యథాతథంగా వేరొక డిస్కులోనికి నకలు తీయవలెను. క్లోన్ చాలదు, అనాథలైన ఆబ్జెక్టులను అది తెచ్చునన్న నమ్మకం లేదు. తరువాత లెక్క చూడవలెను. ఆపైన తోటివారిని అడుగవలెను. మనకు చెత్తగా తోచినది మరొకరి శ్రమ కావచ్చును. గడువును తగ్గించే ముందు ఆ ప్రశ్న ఒక్కటి వేసుకొంటే చాలును.