పేపర్ కుర్రాళ్ల సమ్మె

డిస్నీ సంస్థ 1992లో ‘న్యూసీస్’ అనే సంగీత చిత్రం తీసింది. దర్శకుడు కెన్నీ ఒర్టెగా, స్వరకర్త అలన్ మెంకెన్. సమ్మెను ముందుండి నడిపించే జాక్ కెల్లీగా క్రిస్టియన్ బేల్ ఆడిపాడాడు. 1899 జులైలో న్యూయార్క్‌లో పేపర్లమ్మే పిల్లలు నిజంగానే చేసిన సమ్మె ఈ కథకు ఆధారం.

ఆ పిల్లలకు జీతమంటూ లేదు. వంద పేపర్ల కట్టను 50 సెంట్లకు కొని, ఒక్కో పేపరు ఒక సెంటుకు అమ్ముకునేవారు. అమ్ముడుపోనివి మిగిలితే నష్టం వాళ్లదే. 1898లో స్పెయిన్‌తో యుద్ధం వచ్చి వార్తలకు గిరాకీ పెరగడంతో కట్ట ధర 60 సెంట్లయింది. యుద్ధం ముగిశాక చాలా పత్రికలు పాత ధరకు దిగాయి. పత్రికాధిపతులైన పులిట్జర్ నడిపే ‘వరల్డ్’, హెర్స్ట్ నడిపే ‘జర్నల్’ మాత్రం దిగలేదు. ఆ రెండింటినీ ముట్టబోమని కుర్రాళ్లు తెగేసి చెప్పారు. బ్రూక్లిన్ వంతెన మీద రాకపోకలు స్తంభింపజేశారు. ‘వరల్డ్’ అమ్మకాలు 3,60,000 నుంచి 1,25,000కు పడిపోయాయి.

సుమారు రెండు వారాలకు రాజీ కుదిరింది. ధర 60 సెంట్లే ఉంది. అయితే మిగిలిన పేపర్లను వెనక్కి తీసుకుని డబ్బివ్వడానికి యజమానులు ఒప్పుకున్నారు. రెక్కాడితేగాని డొక్కాడని పిల్లలకు అది చిన్న ఊరట కాదు.

థియేటర్లలో సినిమా దెబ్బతింది. వీడియో క్యాసెట్ల ద్వారా మాత్రం అభిమానులను సంపాదించుకుంది. 2012లో బ్రాడ్వే నాటకంగా వచ్చి, సంగీతానికీ నృత్యాలకూ టోనీ పురస్కారాలు గెలుచుకుంది. పాటల కోసం సినిమా చూడండి. సమ్మె ఎలా ముగిసిందో తెలియడానికి మాత్రం చరిత్ర చదవండి.