శరణార్థి అనే పిలుపు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను ఉర్దూ మీడియం మాస్టరును, నా తెలుగు కొంచెం గరుకుగా ఉంటుంది, మన్నించాలి.

1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి సుమారు కోటిమంది ప్రాణాలు అరచేత పట్టుకొని మన దేశం వచ్చారు. ఆ నవంబరు నుంచి ఉత్తరాల మీద అదనంగా 5 పైసల తపాలాబిళ్ల అంటించవలసి వచ్చింది. దాని మీద ఉన్న మాట 'శరణార్థి సహాయం'. అదే బిళ్లకు 'పరాయివాళ్ల పన్ను' అని పేరు పెట్టి ఉంటే జనం ఎన్ని తిట్లు తిట్టేవారో!

2017 ఆగస్టు తరువాత మయన్మార్‌లోని రఖైన్ నుంచి 7 లక్షలకు పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్ చేరారు. అంతకు ముందే వచ్చినవాళ్లు కొన్ని వేలమంది మన హైదరాబాదులో బాలాపూర్ వైపు గుడిసెల్లో ఉంటున్నారు. వీరిని శరణార్థులంటే మన చేయి జేబులోకి పోతుంది. చొరబాటుదారులంటే అదే చేయి తలుపు గడియ మీదికి పోతుంది. 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు, వేరే శరణార్థి చట్టమూ లేదు. అందుచేత ఈ పిలుపు వాళ్లకు మరీ ముఖ్యం.

జాలి ఒక్కటే చాలదా అంటారేమో. 2015 సెప్టెంబరులో టర్కీ ఒడ్డున పడివున్న సిరియా పసివాడి ఫొటో చూసి స్వీడన్ రెడ్‌క్రాస్‌కు చందాలు వారంలో వందరెట్లు పెరిగాయి. ఆరు వారాలు తిరిగేసరికి చాలామటుకు చల్లారిపోయాయి.

మనలోనే కొందరు "ముందు మన బీదలను చూడండి సార్" అంటారు. వాళ్లు రాతిగుండె వాళ్లేమీ కారు. జొనాథన్ హైట్ వంటి మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెప్పేదీ అదే: కొందరికి దయ, న్యాయం పెద్దవి; కొందరికి వాటితోపాటు తనవాళ్ల పట్ల విశ్వాసం, కట్టుబాటు కూడా అంతే పెద్దవి. అటువంటివారి ముందు కన్నీళ్లు పెట్టుకుంటే పని జరగదు. మదీనా సంగతి చెప్పాలి. మక్కా నుంచి వచ్చిన ముహాజిర్లను ప్రవక్త (స) అన్సారులతో అన్నదమ్ములుగా జతచేశారు, అంటే 'తనవాళ్ల' లెక్కలోనే చేర్చారు. సాద్ బిన్ రబీ తన ఆస్తిలో సగం ఇస్తానంటే అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ పుచ్చుకోలేదు, బజారుకు దారి అడిగారు. నెయ్యి అమ్మి తన కాళ్ల మీద నిలబడ్డారు.

ఈ ఏడు మనం పంచే నోటుపుస్తకాల్లో బాలాపూర్ పిల్లలకూ వాటా ఇద్దామన్న ప్రతిపాదన ఇవాళ కమిటీ ముందుంది. నేను ఇద్దామనే అంటాను. మనవాళ్ల పిల్లలకు తగ్గకుండా అదనపు చందా తెద్దాం, మొదటి చందా నాది. ఒక్క మనవి: కట్టల మీద 'బీద రోహింగ్యాలకు' అని చీటీ అంటించకండి. 'నాలుగో తరగతి' అని రాయండి, చాలు.