రక్త పరీక్షలో కొత్త యంత్రం

పల్లె ఆరోగ్య కేంద్రంలో తీసిన రక్త నమూనాను ఉచితంగా పరీక్షించే తెలంగాణ డయాగ్నొస్టిక్స్ హబ్ 2021లో మన కొత్తగూడెంలోనూ మొదలైంది. ఇలాంటి ల్యాబుల్లో చాలా పరీక్షలకు ట్యూబు మీద బార్‌కోడ్ అంటించి పెడితే చాలు, మిగతాది యంత్రమే చూసుకుంటుంది. ఈ సౌలభ్యం ఇప్పుడిప్పుడే అందుతున్న పరీక్ష ఒకటుంది. అదే మాస్ స్పెక్ట్రోమెట్రీ.

రక్తంలోని అణువులకు విద్యుదావేశం ఇచ్చి, వాటి బరువును బట్టి వేరుచేసి లెక్కగట్టే పద్ధతి ఇది. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు వాడే టాక్రోలిమస్ మందునే తీసుకోండి. రక్తంలో అది తగ్గితే శరీరం కొత్త కిడ్నీని తిరస్కరించవచ్చు. పెరిగితే ఆ మందే కిడ్నీని దెబ్బతీస్తుంది. మామూలు యాంటీబాడీ పరీక్ష, మందు విరిగి ఏర్పడిన పదార్థాలను కూడా కలిపేసుకుని ఒక్కోసారి ఎక్కువ చూపిస్తుంది. మాస్ స్పెక్ట్రోమీటర్ రెండింటినీ విడదీస్తుంది.

చిక్కంతా తయారీలోనే. టెక్నీషియన్ పిపెట్‌తో రక్తం కొలిచి, రసాయనం కలిపి, ప్రోటీన్లు గడ్డకట్టి విడిపోయాక సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన ద్రవాన్ని యంత్రానికి ఎక్కించాలి. వచ్చిన గ్రాఫును నిపుణుడు చదవాలి. నమూనా తయారీ నుంచి ఫలితం దాకా అన్నీ తానే చూసుకునే రోష్ కంపెనీ యంత్రానికి 2024 డిసెంబరులో యూరప్ ఆమోదముద్ర లభించింది. ఇలాంటివి జిల్లా ల్యాబులకూ రావాలి.

ఏ యంత్రమైనా నమూనా సరిగ్గా ఉంటేనే సరైన ఫలితం ఇస్తుంది. టాక్రోలిమస్ వాడేవారు పరీక్ష రోజు డాక్టరు సలహా ప్రకారం, ఉదయం మందు వేసుకోకముందే రక్తం ఇవ్వండి. కిందటి మోతాదు ఏ వేళకు వేసుకున్నారో ల్యాబులో తప్పక చెప్పండి.