ఖాళీగా ఉన్న యంత్రం తప్పు చేసినట్టు కాదు
(కార్ల్ ఆడం పెట్రీ శతజయంతి సందర్భంగా కానింగ్ వేల్‌లో చేసిన స్మారకోపన్యాసం)



కార్ల్ ఆడం పెట్రీ 1926 జూలై 12న జర్మనీలోని లైప్‌జిగ్‌లో పుట్టారు. 2010 జూలై 2న కన్నుమూశారు. ఆయన నూరేళ్ళ సందర్భంలో ఆస్ట్రేలియాలో పెర్త్ శివారున ఉన్న ఈ కానింగ్ వేల్‌లో, తెలుగువాళ్ళ మధ్య, తెలుగులో మాట్లాడమన్నారు. ఆ జర్మన్ గణితవేత్తకూ మనకూ ఏం చుట్టరికం అని కొందరికి అనిపించి ఉండవచ్చు. చుట్టరికం ఉంది. అది బెంగళూరు మీదుగా వచ్చింది. దాని కథ చెప్పడానికే నిలబడ్డాను.

కానింగ్ వేల్ ఎలాంటి ఊరో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఒక పక్క ఇళ్ళు, ఇంకో పక్క షెడ్లు. వెస్ట్ పెర్త్ నుంచి 1989లో తరలివచ్చిన పళ్ళు, కూరగాయల టోకు మార్కెట్టు బానిస్టర్ రోడ్డు మీదే ఉంది. స్వాన్ బ్రూవరీ 1979 నుంచి 2013 దాకా ఇక్కడే నడిచింది. ఇక పెర్త్ పారిశ్రామికవాడల్లోని మెషిన్ షాపుల సంగతికొస్తే, వాటికి పని పెట్టేది చాలావరకు గనులే. వెయ్యి కిలోమీటర్లకు పైగా ఉత్తరాన ఉన్న పిల్బరా నుంచి అరిగిన షాఫ్టు ఒకటి వస్తుంది, పగిలిన హౌసింగ్ ఇంకొకటి వస్తుంది. ఒకే రకం ముక్కను వేలకొద్దీ తీసే పని కాదు. ఇవాళ రెండు, రేపు అయిదు, మధ్యలో అర్జెంటుగా ఒకటి. హైదరాబాదు బాలానగర్‌లో పనిచేసి వచ్చినవాళ్ళకు ఈ వాతావరణం కొత్తేమీ కాదు. అక్కడ 1968లో వెలసిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో చదివినవాళ్ళకైతే అసలే కాదు. ఏ యంత్రానికి ఏ జాబు, ఏది ముందు, ఏది వెనక అన్న ప్రశ్న రెండు చోట్లా ఒకటే.

ఆ ప్రశ్నకు చరిత్ర ఉంది. పోలండ్ ఇంజనీరు కరోల్ అదామియెట్‌స్కి 1896లోనే పనుల వరసను గీతల్లో చూపే పట్టిక తయారు చేశాడు. అమెరికాలో హెన్రీ గాంట్ పేరిట వచ్చిన పట్టిక తర్వాత లోకమంతా పాకింది. ఇప్పటికీ ప్రతి ఫోర్‌మన్ గోడ మీదా ఏదో ఒక రూపంలో అదే ఉంటుంది. కానీ పట్టిక ఉన్న వరసను చూపిస్తుందే తప్ప, ఏ వరస మంచిదో చెప్పదు. ఆ మాట గణితంతో మొదట చెప్పింది సెల్మర్ జాన్సన్. అది 1954లో.

ఆయన సూత్రం చేతిలో పెన్సిలుంటే చాలు, ఇక్కడే లెక్క కట్టవచ్చు. మూడు జాబులున్నాయి. ప్రతిదీ ముందు కోతకు, తర్వాత పెయింటుకు వెళ్ళాలి. మొదటి జాబుకు కోత 5 గంటలు, పెయింటు 2. రెండోదానికి కోత 1, పెయింటు 6. మూడోదానికి రెండూ నాలుగేసి గంటలు. జాన్సన్ ఏమంటాడంటే, అన్నిటిలోకీ చిన్న అంకె వెతకండి. అది మొదటి యంత్రం మీదుంటే ఆ జాబును వరసలో ముందు పెట్టండి, రెండో యంత్రం మీదుంటే చివర పెట్టండి, మిగిలినవాటికీ ఇదే చేయండి. అలా చేస్తే రెండోది, మూడోది, మొదటిది అన్న వరస వస్తుంది. మొత్తం పని 13 గంటల్లో తెమిలిపోతుంది. అదే వరసను తిరగేసి నడిపితే 19 గంటలు. అవే యంత్రాలు, ఆ మనుషులే, అదే కరెంటు. ఆరు గంటలు కేవలం వరసలో పోయాయి. ఈ లెక్క మొదటిసారి చేసినప్పుడు కలిగిన ఆనందం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

యంత్రాలు రెండైతే ఇంత సుళువు. మూడైతే చాలు, ఆ సుళువు పోతుంది. ఎలాంటి కంప్యూటర్‌కైనా త్వరగా తెగే పద్ధతి దొరుకుతుందన్న ఆశ పెట్టుకోలేని సమస్యల జాతిలో ఇదీ ఒకటని గేరీ, డేవిడ్ జాన్సన్, సేఠీ 1976లో నిరూపించారు. అంతకుముందే, 1963లో, ఫిషర్, థామ్సన్ అనే ఇద్దరు పది జాబులు, పది యంత్రాల లెక్క ఒకటి అచ్చు వేశారు. ఒక్కో యంత్రం ముందు పది జాబుల్ని నిలబెట్టే తీరులన్నీ గుణిస్తే నాలుగు పక్కన అరవై అయిదు సున్నాలు చుట్టినంత అంకె వస్తుంది. ఆ చిన్న లెక్కకు ఇంతకంటే మంచి వరస లేదని ఫ్రాన్సులో కార్లియే, పిన్సాన్ తేల్చింది 1989లో. జవాబు 930. పదే పది యంత్రాల లెక్క తేలడానికి ఇరవై ఆరేళ్ళు పట్టింది. మన సూపర్‌వైజర్లు ప్రతి ఉదయం పావుగంటలో ఇలాంటి పనికే దిగుతున్నారు. వాళ్ళ మీద నాకున్న గౌరవానికి ఇదొక కారణం.

ఇంతలో యంత్రాలే మారిపోయాయి. లండన్‌లోని డెట్‌ఫర్డ్‌లో సిగరెట్ యంత్రాలు చేసే మోలిన్స్ కంపెనీలో థియో విలియమ్సన్ అనే ఇంజనీరు 1960లలో ‘సిస్టమ్ 24’ రూపొందించాడు. పగలు మనుషులు పాలెట్ల మీద ముక్కలు బిగించి పెడతారు, రాత్రంతా కంప్యూటర్ చెప్పినట్టు యంత్రాలు నడుస్తాయి. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది కనుక ఆ పేరు. ఫ్లెక్సిబుల్ మాన్యుఫ్యాక్చరింగ్ సిస్టమ్ అని మనం పిలిచే ఏర్పాటుకు అది తొలి రూపాల్లో ఒకటి. వ్యాపారంగా నిలబడలేదు గానీ ఆలోచన నిలబడింది.

ఇలాంటి ఏర్పాటులో పంచిపెట్టవలసినవి యంత్రాలొక్కటే కావు. పాలెట్లు లెక్కకు ఇన్నే ఉంటాయి. ఫిక్స్చర్లు ఇన్నే. టూల్ మ్యాగజైన్‌లో గదులు ఇన్నే. ముక్కల్ని మోసే బండి ఒకటో రెండో. ఒక ముక్కను ఈ యంత్రం మీదే కాక ఆ యంత్రం మీదా చేయవచ్చు. ఆ సౌకర్యమే ఈ ఏర్పాటుకు బలం, ఆ సౌకర్యమే దాని లెక్కను చిక్కుముడి చేస్తుంది. కాథ్రిన్ స్టెకీ అనే పరిశోధకురాలు 1983లో ఈ చిక్కును అయిదుగా విడదీసింది. ఏ రకాలు ఒకేసారి చేయాలి, యంత్రాలను ఎలా జట్టు కట్టాలి, ఏ రకం ఎంత పాళ్ళలో నడవాలి, పాలెట్లు ఫిక్స్చర్లు ఎవరికెన్ని, ఏ పని, ఏ టూలు ఏ యంత్రానికి. ఈ అయిదింటినీ కలగలిపి ఒకే మీటింగులో తేల్చేద్దామని కూర్చునే చోట ఏదీ తేలదు.

యంత్రం కొంటే సరిపోదని మనవాడొకరు గట్టిగా చెప్పారు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ రామచంద్రన్ జైకుమార్ 1986లో అమెరికా, జపాన్ ఫ్యాక్టరీలను పోల్చి చూశారు. అదే తరహా ఏర్పాటు మీద అమెరికావాళ్ళు సగటున 10 రకాల ముక్కలు చేస్తుంటే జపాన్‌వాళ్ళు 93 రకాలు చేస్తున్నారు. ఎన్ని రకాలైనా తీయగల సరంజామాను అమెరికావాళ్ళు పాత పద్ధతిలోనే, కొద్ది రకాలకే కట్టేసి వాడారన్నమాట.

ఇప్పుడు పెట్రీ దగ్గరికి వద్దాం. అంతకుముందు ఒక ఇబ్బంది చెప్పాలి. ఒక యంత్రం, దానికి ముక్క అందించడానికీ తీయడానికీ ఒకే రోబో, రెండూ కలిస్తే ఒక సెల్. యంత్రంలో పని అయిపోయిన ముక్క ఉంది. రోబో చెయ్యి ఖాళీగా ఉంది కదా అని కంట్రోలర్ దానికి కొత్త ముక్క అందించింది. అంతే. యంత్రం ఖాళీ కావాలంటే రోబో చెయ్యి ఖాళీగా ఉండాలి, రోబో చెయ్యి ఖాళీ కావాలంటే యంత్రం ఖాళీ కావాలి. ఏదీ చెడిపోలేదు, ఏ అలారమూ మోగదు, అయినా సెల్ మొత్తం నిలిచిపోయింది. సందులో ఎదురెదురుగా వచ్చి ఇరుక్కున్న రెండు ఎడ్లబండ్లలాంటిది ఈ స్థితి. దీన్నే డెడ్‌లాక్ అంటారు, మనం ఇరుకు అందాం.

ఎప్పుడు వస్తుందిది? కంప్యూటర్ల లోపల ఇదే జబ్బును చూసి కాఫ్‌మన్, ఎల్ఫిక్, షోషానీ 1971లో నాలుగు షరతులు చెప్పారు. వస్తువు ఒకసారికి ఒక్కరికే దక్కాలి. ఒకటి పట్టుకుని ఇంకొకదాని కోసం ఎదురుచూడాలి. పట్టుకున్నదాన్ని ఎవరూ లాక్కోలేకపోవాలి. ఎదురుచూపులు చుట్టూ తిరిగి మొదటివాడి దగ్గరికే రావాలి. నాలుగూ కలిస్తేనే ఇరుకు. మెషిన్ షాపులో మొదటి మూడూ దాదాపు ఎప్పుడూ ఉంటాయి, సగం కోసిన ముక్కను యంత్రం మీంచి లాగలేం కదా. కనుక మన చేతిలో మిగిలేది నాలుగోదే.

బీరు తయారీలోనూ ఇలాంటి ఎదురుచూపుల వరస ఉంటుంది, అయితే అది చుట్టు తిరిగి మొదటికి రాదు. పులిసిన బీరు ట్యాంకు విడిచి పోవాలంటే తర్వాతి ట్యాంకు ఖాళీ కావాలి. అది ఖాళీ కావాలంటే నింపే లైను సిద్ధంగా ఉండాలి. ఆ లైను వేరే సరుకు మీదుంటే అది అయ్యేదాకా ఆగాలి. ఇక్కడి బ్రూవరీలో పనిచేసినవాళ్ళు ఈ సభలో ఎవరైనా ఉంటే, ట్యాంకు దొరకని రోజు ఎలా ఉంటుందో నాకంటే బాగా చెప్పగలరు.

పెట్రీ ఫ్యాక్టరీల మనిషి కాదు. 1939లో, పదమూడేళ్ళప్పుడు, రసాయన చర్యలను గుర్తు పెట్టుకోవడానికి కాగితం మీద గుండ్రాలూ గీతలూ గీసుకున్నారని చెబుతారు. 1962లో డార్మ్‌స్టాట్‌లో డాక్టరేట్ తెచ్చిపెట్టిన సిద్ధాంతగ్రంథంలో యంత్రాల మధ్య సంభాషణ ఎలా జరుగుతుందో గణితంగా రాశారు. అందరి మీదా ఒకే గడియారం ఆజమాయిషీ చేస్తుందన్న ఊహ ఆయనకు నచ్చలేదు. ఒక పని జరగడానికి తనకు కావలసినవి తన దగ్గరికి చేరితే చాలు. ఆ ఆలోచన నుంచే తర్వాత ఆయన పేరుతో వలలు వచ్చాయి. గుండ్రం అంటే ఒక స్థితి. అడ్డగీత అంటే ఒక సంఘటన. గుండ్రంలో చుక్క ఉంటే ఆ స్థితి నిజం. గీతకు ముందున్న గుండ్రాలన్నిట్లో చుక్కలుంటేనే ఆ సంఘటన జరుగుతుంది, జరిగాక చుక్కలు అవతలి గుండ్రాలకు పోతాయి. మన రోబో సెల్‌ను ఇలా గీస్తే, ఏ గీతా కదలని స్థితి ఒకటి ఆ కాగితం మీదే కంటికి కనిపిస్తుంది. యంత్రం కొనకముందే కనిపిస్తుంది.

బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో నూకల విశ్వనాధం గారు, ఆయన దగ్గర పరిశోధన చేసిన వై. నరహరి గారు ఈ వలలను ఫ్యాక్టరీకి తెచ్చారు. 1985లో ఒక పేపరు, 1992లో ఈ రంగంలో అందరూ చదివే పాఠ్యగ్రంథం. ఆ మధ్య 1990లో తిమోతీ జాన్సన్‌తో కలిసి రాసిన పేపరే ఇవాళ నా కథకు గుండెకాయ. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం ఈరీలో జనరల్ ఎలక్ట్రిక్ వారి ఏర్పాటును తీసుకుని దానికి వల గీశారు. అన్ని స్థితులనూ ముందే గీసి చూసి, ఇరుకు రాకుండా కట్టుదిట్టం చేయడం ఒక దారి, కానీ అలాంటి పెద్ద ఏర్పాటులో అది కుదరదని వాళ్ళకు తెలుసు. అందుకని రెండో దారి చెప్పారు. యంత్రమో పాలెట్టో ఎవరికైనా ఇచ్చేముందు కంట్రోలర్ వలలో కొన్ని అడుగులు ముందుకు నడిచి చూస్తుంది. ఆ దారి ఇరుకులోకి పోతుందనిపిస్తే, వస్తువు ఖాళీగా ఉన్నా ఇవ్వదు. కొన్ని అడుగులే చూస్తుంది కనుక ఎప్పుడైనా తప్పిపోవచ్చు, అప్పుడు బయటపడే ఏర్పాటూ ఉండాలన్నారు. నాకు ఆ పేపరులో బాగా నచ్చిన నిజాయితీ అదే.

ఈరీ మనకు దూరమనుకోకండి. పిల్బరాలో రియో టింటో ఇనుప ఖనిజాన్ని లాగే జీఈ లోకోమోటివ్‌లలో చాలా ఈరీలో తయారైనవే. ఆ ఊళ్ళోని ఏర్పాటు చేసింది లోకోమోటివ్ మోటారు ఫ్రేముల పనే. బెంగళూరులో గీసిన వలకూ, మనలో చాలామంది ఇళ్ళు నడిపే గనులకూ మధ్య దారి ఆ ఊరి మీదుగా పోతోంది.

1995లో స్పెయిన్‌లోని సరగోసాలో ఎస్పెలేటా బృందం ఇంకో మెట్టు ఎక్కింది. వలలో కొన్ని గుండ్రాల గుంపులుంటాయి, వాటిలో చుక్కలు ఒకసారి పూర్తిగా అయిపోతే మళ్ళీ రావు. ఇరుకంతా ఆ గుంపులు ఎండిపోవడంలోనే ఉందని చూపి, ప్రతి గుంపుకూ ఒక కాపలా గుండ్రం కట్టారు. ఆ కాపలా చేసే పని కొత్త ముక్కను లోపలికి రానివ్వకపోవడం. అప్పటి నుంచి ఈ దారిలో వచ్చిన పరిశోధన చాలావరకు, ఎంత తక్కువ అడ్డగింపుతో ఎంత ఎక్కువ పని తీయవచ్చన్న దాని మీదే నడుస్తోంది.

ఈ చరిత్ర అంతా చదివాక నాకు మిగిలిన నిశ్చయం ఇది. ఖాళీగా కనిపించిన యంత్రానికి వెంటనే పని పెట్టాలన్న ఆత్రమే మన షాపుల్లో ఎక్కువ నష్టం చేస్తోంది. నేను పనిచేసిన ఒక చోట ఉన్న పాలెట్లన్నీ ఉదయమే బిగించేసేవారు. మధ్యాహ్నానికి అర్జెంటు జాబు వస్తే దాన్ని బిగించడానికి ఒక్కటీ ఉండేది కాదు. తప్పు మనుషులది కాదు, వాళ్ళను కొలిచే కొలబద్దది. యంత్రం ఎన్ని గంటలు తిరిగిందన్నదే లెక్క వేసే చోట ఎవరైనా అలాగే చేస్తారు. ఎన్ని జాబులు చెప్పిన రోజుకు గేటు దాటాయో లెక్క వేయండి, ఆ మనుషులే పాలెట్ ఒకటి ఖాళీగా ఉంచుతారు.

ఈ ఊళ్ళో సొంతంగా షాపులు నడుపుతున్న మనవాళ్ళకు, షాప్‌ఫ్లోర్ బాధ్యతలో ఉన్నవాళ్ళకు నాదొక్కటే విన్నపం. కొత్త యంత్రానికో రోబోకో కొటేషన్ అడిగేముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. మీ దగ్గరున్న యంత్రాలు, పాలెట్లు, ఫిక్స్చర్లు, క్రేన్, ముక్క పెట్టుకునే చోట్లు అన్నిటికీ తలా ఒక గుండ్రం గీయండి. ఏ పనికి ఏవేవి కావాలో గీతలు కలపండి. చుక్కలకు నాణేలు పెట్టి నడిపి చూడండి. ఎక్కడ ఇరుక్కుంటుందో కనబడుతుంది. గీయడం రాకపోతే నన్ను పిలవండి, ఆదివారాలు నేను ఖాళీ.