పరిశోధనకు రక్తమిమ్మంటే...



మా అవ్వ ఒక సంగతి పదేపదే చెబుతూండేది. చెవులు కుట్టించిన రోజున ఆమె తమ్ముడికి నెత్తురు ఆగలేదట. పసుపు అద్దారు, కాఫీపొడి అద్దారు, దిష్టి తీశారు. మూడోనాటికి పిల్లవాడు దక్కలేదు. "మా ఇంటి మగబిడ్డలకు ఏదో శాపం" అనేది అవ్వ.

ఆ శాపానికి ఒక పేరుందని మా చెల్లెలి కొడుకు పాకడం నేర్చాక గాని మాకు తెలియలేదు. మోకాళ్లు వాచేవి, ఒళ్లంతా కమిలిన మచ్చలు. పరీక్షలు చేసి హీమోఫీలియా అన్నారు.

దెబ్బ తగిలినప్పుడు నెత్తురు గడ్డకట్టడానికి రక్తంలో కొన్ని పదార్థాలు ఒకదాని వెనుక ఒకటి పనిచేయాలి. వాటిలో ఫ్యాక్టర్ ఎనిమిది అనేది లోపిస్తే హీమోఫీలియా-ఎ. సుమారు 5,000 మంది మగ శిశువుల్లో ఒకరికి వస్తుంది. దాన్ని తయారుచేసే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. మనకు ఎక్స్‌లు రెండు కాబట్టి, ఒకటి చెడినా రెండోది చాలావరకు ఆదుకుంటుంది. కొడుక్కి ఉండేది తల్లి ఇచ్చిన ఒక్కటే. లోపమున్న తల్లికి పుట్టే ప్రతి కొడుక్కీ జబ్బు రావడానికి, ప్రతి కూతురికీ ఆ లోపం సంక్రమించడానికి సగం సగం అవకాశం.

"మీ పుట్టింటి రోగం" అని అత్తగారన్న మాట మా చెల్లెల్ని జబ్బు కంటే ఎక్కువ కోసింది. అమ్మా, ఇది ఎవరి తప్పూ కాదు. సుమారు మూడోవంతు కుటుంబాల్లో అంతకుముందు ఎవరికీ లేకుండానే కొత్తగా వస్తుంది. ముక్కుతీరు ఇచ్చినట్టే తల్లి ఇదీ తెలియకుండానే ఇస్తుంది.

రెండేళ్ల క్రితం ఒక పెద్దాసుపత్రిలో, "పరిశోధన కోసం మీ ఇంటి ఆడవాళ్లు కూడా రక్తమిస్తారా?" అని అడిగారు. "మనమీద ప్రయోగాలు చేస్తారా?" అని మా మరిది మండిపడ్డాడు. నిజం చెప్పొద్దూ, నాకూ గుండె దడదడలాడింది. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్న రోజులవి. నాలో లోపం ఉందని తేలితే?

తర్వాత కూర్చుని ఆలోచించాను. ఫ్యాక్టర్ ఎనిమిది జన్యువును 1984లో వేరుచేశారు. జబ్బు తీవ్రంగా ఉన్నవారిలో దాదాపు సగం మందికి ఆ జన్యువులో ఒక భాగం తిరగబడి ఉంటుందని 1993లో కనుక్కున్నారు. ఎవరో తల్లులు, పిల్లలు రక్తమివ్వబట్టే కదా ఇవి తెలిశాయి!

అంత దూరం ఎందుకు, మన చిత్తూరు పక్కనున్న రాయవేలూరు సంగతి చూడండి. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆవరణలోని మూలకణ పరిశోధన కేంద్రంలో డాక్టర్ అలోక్ శ్రీవాస్తవ గారి బృందం, అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయం వారితో కలిసి, 22 నుంచి 41 ఏళ్ల వయసున్న అయిదుగురికి జన్యుచికిత్స చేసింది. వారి మూలకణాలే తీసి, ప్రయోగశాలలో సరైన జన్యువును చేర్చి, తిరిగి ఎక్కించారు. చికిత్స తర్వాత 9 నుంచి 27 నెలల పాటు గమనిస్తే రక్తస్రావాలు సున్నా. 2024 డిసెంబరులో ఈ ఫలితాలు వెలువడ్డాయి. అయితే కణాలు ఎక్కించేముందు మజ్జను ఖాళీచేసే గట్టి మందులు ఇవ్వాల్సి వచ్చింది. అయిదుగురికి కలిగిన మేలు అందరికీ కలుగుతుందని అప్పుడే అనుకోకూడదు. మావాడికి పదకొండేళ్లే, ఆ పరిశోధనలో చేరే వయసు కాదు.

అందుకని భయపడి పారిపోవద్దు, ఆశపడి పరుగెత్తవద్దు. అడగండి. ఇది వైద్యమా, పరిశోధనా? ఎథిక్స్ కమిటీ ఒప్పుకుందా? మందు ప్రయోగమైతే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదయిందా? ఈ నమోదు 2009 నుంచి తప్పనిసరి. అంగీకార పత్రం తెలుగులో ఉందా? ఇంటికి తెచ్చుకుని అందరితో చదివించండి. ఒక ప్రతి మీ దగ్గరే ఉంచుకోండి. నడుమ వద్దనుకుంటే మానుకునే హక్కు మీకుంది. అంతమాత్రాన మామూలు వైద్యం ఆపకూడదు. మందు ప్రయోగం వల్ల హాని కలిగితే 2019 నిబంధనల ప్రకారం ఉచితంగా వైద్యం చేయించాలి. పిల్లవాడికి ఏడేళ్లు దాటితే వాడికీ చెప్పి, సరేనంటేనే చేర్చాలి. ముఖ్యంగా, మా పేర్లు ఎవరికి తెలుస్తాయి, ఫలితం మాకు చెబుతారా అని అడగడం మరువకండి.

మేము ఇవన్నీ అడిగాకే రక్తమిచ్చాం. నాలోనూ లోపం ఉందని తేలింది. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోరోజు మా అమ్మాయికి చెప్పాను. అది కాసేపు ఊరుకుని, "అవ్వకు తెలియనిది నాకు ముందే తెలిస్తే మంచిదే కదమ్మా, నేనూ చేయించుకుంటాను" అంది.

మన వైపు అక్క కూతుర్ని మేనమామకిచ్చే ఆచారం ఇంకా ఉంది. మేనమామకు ఈ జబ్బుండి, ఆ పిల్లలో లోపముంటే పుట్టే ఆడబిడ్డకు కూడా జబ్బు రావచ్చు. ముహూర్తానికి ముందే తెలుసుకోవలసిన సంగతి కాదా ఇది?

మీ ఇంట్లోనో, పొరుగింట్లోనో ఇటువంటి బిడ్డ ఉంటే దాచకండి. 1983లో ఢిల్లీలో మొదలైన భారత హీమోఫీలియా ఫెడరేషన్‌కు దేశమంతటా శాఖలున్నాయి. వారినడిగితే దారి చూపుతారు. ముందుగా ఆ తల్లి దగ్గర కూర్చుని, "నీ తప్పు కాదమ్మా" అని ఒక్క మాట చెప్పండి.

సెలవు.