‘ఇంటికి తీసుకెళ్ళండి’ అన్న తర్వాత



విజయవాడ సూర్యారావుపేటలో ఏ ఉదయం చూసినా డాక్టర్ల వరండాల నిండా ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళే. అవనిగడ్డ, నాగాయలంక, కైకలూరు, గుడివాడ... తెల్లారగట్ల బస్సెక్కి, చేతిసంచీలో ఫైలూ, ఎక్స్‌రే కవర్లూ పెట్టుకుని వస్తారు. వాళ్ళలో కొందరికి సాయంత్రానికి ఒక మాట చెబుతారు: "ఇంక మేం చెయ్యగలిగిందేం లేదమ్మా, ఇంటికి తీసుకెళ్ళండి." క్యాన్సరు ముదిరిపోయినచోట ఈ మాట ఎక్కువగా వినిపిస్తుంది. విన్నది కొడుకో, అల్లుడో కావచ్చు. ఆ తర్వాత నెలల తరబడి మోసేది మాత్రం ఇంట్లో ఆడది. ఒళ్ళు తుడిచేదీ, గంజి తాగించేదీ, రాత్రిళ్ళు ఆ మూలుగు వింటూ మెలకువగా ఉండేదీ ఆవిడే. అందుకే ఈ సంగతి మన కార్యక్రమంలో చెప్పుకోదగ్గదే అనిపించింది.

జబ్బు నయం కాదనడం వేరు, చెయ్యగలిగిందేమీ లేదనడం వేరు. మొదటిది నిజం కావచ్చు. రెండోది చాలామటుకు నిజం కాదు. నొప్పి తగ్గించవచ్చు, వాంతులు ఆపవచ్చు, ఆయాసానికి ఉపశమనం ఇవ్వవచ్చు, మనిషిని మనిషిలా కూర్చోబెట్టి పలకరించవచ్చు. దీన్నే పాలియేటివ్ కేర్ అంటున్నారు. ఉపశమన చికిత్స అని మనం చెప్పుకోవచ్చు. ఈ పనిలో ఉన్న డాక్టర్లకీ, నర్సులకీ, స్వచ్ఛందంగా సేవ చేసేవాళ్ళకీ దేశమంతటికీ కలిపి ఒక సంఘం ఉంది. పేరు ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ పాలియేటివ్ కేర్. 1994లో అహమ్మదాబాదులో ఏర్పడింది.

డాక్టర్ల సంఘంతో మనకేం పని అంటారు కదూ? లాయర్లకుంది, బ్యాంకువాళ్ళకుంది, వీళ్ళకీ ఉంటుంది, మనకేమిటని. కానీ ఇది జీతాల కోసం పెట్టుకున్న సంఘం కాదు. ఒక మందు తాళం తీయించడానికి ఒక్కొక్క డాక్టరూ విడివిడిగా తిరిగితే పని జరగలేదు. అందుకని కలిశారు.

ఆ మందు మార్ఫిన్. నల్లమందు నుంచి తీస్తారు. క్యాన్సరు నొప్పి బాగా ముదిరినప్పుడు దానంత చవకగా, నమ్మకంగా పనిచేసేది అరుదు. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు నొప్పికి మెట్లు మెట్లుగా మందులు ఎలా వాడాలో చెప్పినప్పుడు పై మెట్టు మీద పెట్టింది దీన్నే. నల్లమందుకి మనం ఎవరినీ దేబిరించనక్కర లేదు. మధ్యప్రదేశ్‌లో మంద్‌సౌర్, నీమచ్ ప్రాంతాల్లో ప్రభుత్వ లైసెన్సుతో గసగసాల పంట వేసి, మందుల తయారీకి పైదేశాలకు కూడా అమ్ముతున్నాం. అయితే 1985లో మత్తుమందుల చట్టం వచ్చింది. దొంగ వ్యాపారం అరికట్టాలన్న ఉద్దేశం మంచిదే. కానీ ఆస్పత్రి మార్ఫిన్ తెచ్చుకోవాలంటే నాలుగైదు లైసెన్సులు కావలసి వచ్చింది. ఒకటి చేతికొచ్చేసరికి ఇంకొకదాని గడువు తీరిపోయేది. పెరట్లో కరివేపాకు చెట్టుండి, చారులోకి రెండు రెబ్బలు తుంచుకోవడానికి నాలుగాఫీసుల కాగితం కావాలన్నట్టు! 1985లో దేశంలో ఏడాదికి సుమారు 600 కిలోల మార్ఫిన్ వైద్యానికి వాడారు. 1997 నాటికది 18 కిలోలకు పడిపోయింది. అంతకంతకూ క్యాన్సరు రోగులు పెరిగారే తప్ప తగ్గలేదు. ఆ పన్నెండేళ్ళలో ఎన్ని ఇళ్ళలో ఎంత మూలుగు విని ఉంటారో మీరే ఆలోచించండి. ఇంకో నష్టం కూడా జరిగింది. ఆ రోజుల్లో చదువుకుని బయటికొచ్చిన డాక్టర్లలో చాలామంది ఆ మాత్రను కంటితో చూడనేలేదు. చూడని మందు రాయడానికి ఎవరికైనా భయమే.

కాలికట్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన మిత్రులు 1993లోనే ఒక చిన్న నొప్పి క్లినిక్కు మొదలుపెట్టారు. ఇలాంటివాళ్ళు అక్కడొకరు, ఇక్కడొకరు. సంఘం వీళ్ళందరికీ ఒక వేదిక అయింది. ఏటా సభ జరుపుకోవడం, సొంతంగా ఒక పత్రిక నడపడం, మామూలు డాక్టర్లకీ నర్సులకీ కొద్ది వారాల శిక్షణ ఇవ్వడం ఒక పక్క. ప్రభుత్వం చుట్టూ తిరగడం ఇంకో పక్క. చివరికి 2014 ఫిబ్రవరిలో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది. అవే సమావేశాల్లో రాష్ట్ర విభజన బిల్లు వచ్చింది గనుక మన తెలుగువాళ్ళ కళ్ళన్నీ అటే ఉన్నాయి, ఇది ఎవరికీ పట్టలేదు. నాలుగైదు లైసెన్సుల బదులు, గుర్తింపు పొందిన ఆస్పత్రికి ఒకే అనుమతి చాలన్నారు. మరుసటేడు సంఘం వార్షిక సభ హైదరాబాదులోనే జరిగింది.

హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో ఈ విభాగం రాష్ట్రం కలిసి ఉన్న రోజుల్లోనే మొదలైంది. మన డెల్టా నుంచి ఎందరో అక్కడికి వెళ్ళారు. కానీ నొప్పితో ఉన్న మనిషిని బస్సులో ఆరుగంటలు కూర్చోబెట్టి తీసుకెళ్ళడం, నెలకోసారి మందుకోసం మళ్ళీ అంత దూరం వెళ్ళడం, ఇదీ ఒక శిక్షే. నన్నడిగితే ఈ వైద్యం ఇంటికి దగ్గరగా ఉంటేనే వైద్యం. కేరళలో ఇరుగుపొరుగువాళ్ళే శిక్షణ పొంది, నర్సుతో కలిసి ఇల్లిల్లూ తిరుగుతున్నారు. కృష్ణా జిల్లా ఆడవాళ్ళకు అది చేతకాదా ఏమిటి?

ఇక మన ఇళ్ళలో భయాల సంగతి. "మార్ఫిన్ అంటే మత్తుమందట కదా, అలవాటు పడిపోదూ?" అని అడుగుతారు. నొప్పికని డాక్టరు చెప్పిన మోతాదులో, డాక్టరు చూస్తుండగా వాడుతుంటే అలా వ్యసనంలో పడేవాళ్ళు అరుదు. "అది మొదలుపెడితే ఇక రోజులు దగ్గరపడినట్టే" అనేది ఇంకో మాట. అదీ కాదు. నొప్పి తగ్గితే మనిషి నిద్రపోతాడు, నాలుగు మెతుకులు తింటాడు. మొదటి రెండు మూడు రోజులు మగతగా, వికారంగా ఉండొచ్చు, సర్దుకుంటుంది. మలబద్ధకం మాత్రం తప్పదు కాబట్టి విరేచనానికి మందు దాంతోపాటే రాయించుకోండి. ఒక్కసారిగా మానెయ్యకూడదు. పిల్లలకందకుండా బీరువాలో పెట్టి తాళం వేయాలి.

వాసన సంగతి ఎవరూ పైకి చెప్పరు గానీ అదే ఎక్కువ బాధ. నోటి క్యాన్సరో, రొమ్ము క్యాన్సరో పుండు పడితే మనిషిని పెరటి వసారాలోకి మార్చేస్తారు. మనవలు దగ్గరికి రారు. వచ్చిన చుట్టాలు గుమ్మం దగ్గరే నిలబడి పలకరించి వెళ్ళిపోతారు. మనకు విరేచనాలకి డాక్టర్లు రాసే మెట్రొనిడజోల్ మాత్ర ఉందే, దాన్ని పొడిచేసి పుండు మీద చల్లితే ఆ వాసన చాలావరకు పోతుంది. ఎంత, ఎన్నిసార్లు అన్నది డాక్టర్నో నర్సునో అడిగి చెయ్యాలి. మందు ఖరీదు కొద్ది రూపాయలు. దాంతో పెద్దావిడ మళ్ళీ ముందుగదిలోకి వస్తుంది.

అయితే ఎక్కడ అడగాలి? "ఇంటికి తీసుకెళ్ళండి" అన్న డాక్టరుగారినే అడగండి: "నొప్పికి ఏం ఇస్తారండీ? పాలియేటివ్ కేర్ తెలిసిన డాక్టరు దగ్గర్లో ఎవరున్నారు? మార్ఫిన్‌కు గుర్తింపు ఉన్న ఆస్పత్రి ఏది?" మగవాళ్ళు అడగడానికి మొహమాటపడితే మీరే అడగండి. ఫైలు చేతికివ్వక ముందే అడగాలి.

మందు దొరికాక ఒక కాగితం మీద వేళలు రాసి కేలండరు పక్కన తగిలించుకోండి. మామూలు మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలపాటు పనిచేస్తుంది. నొప్పి వచ్చాక వేద్దాంలే అని ఆగకుండా గడియారం చూసి వెయ్యాలి. రాత్రి మనిషిని లేపకుండా తెల్లవారేదాకా ఎలా సరిపెట్టాలో డాక్టరు చెబుతారు, అది కూడా ఆ కాగితం మీదే రాయించుకోండి. ఒక్క రాత్రయినా మీరూ కాస్త నిద్రపోవాలి కదా.